షిరహొరి దస్త్రం: జనాబ్ లియాఖత్ అలీ గారి ముప్పై ఆరేళ్ల పది నెలల కొలువు

1989వ సంవత్సరం ఆగస్టు పదిహేడవ తేదీ, గురువారం ఉదయం పది గంటలకు, వరంగల్ కొత్తవాడలోని మన జంపఖానా నేత కార్మికుల సహకార సంఘంలో ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్ గుమస్తాగా జనాబ్ లియాఖత్ అలీ గారు విధుల్లో చేరారు. అప్పటికి వారి వయస్సు ఇరవై మూడు, స్వస్థలం పరకాల, విద్యార్హత బి.కాం.; స్థిరాస్తి ఏమీ లేదు, చరాస్తి ఒక సైకిలు. వచ్చిన ఉత్తరాలకు నంబరు వేయవలసిన ఆ కుర్చీ ఆరు నెలలుగా ఖాళీగా ఉన్నందున, తమ చేరిక పత్రానికి నంబరు వేసేవారెవరూ కనబడక, రబ్బరు ముద్ర తామే అందుకుని, తామే గుద్ది, "అందినది" అని తామే సంతకం చేసి, తమను తాము సంఘానికి అప్పజెప్పుకున్న ఘనత మన సంఘ చరిత్రలో వారొక్కరిదే. అటుపిమ్మట కార్యదర్శులు పదకొండు మంది మారారు. రిజిస్టర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఆ ముద్ర మాత్రం చేయి మారలేదు.

వారు చేరేనాటికే మన సంఘంలో ఒక కఠిన నియమం అమలులో ఉంది. బయటి నుండి వచ్చిన పెట్టెలో ఎంత చిన్న కాగితం ముక్క కనిపించినా, దానికి ఇన్‌వర్డ్ నంబరు వేసి, దస్త్రంలో చేర్చి, పంపినవారికి "అందినది" అని జవాబు రాయనిదే ఆ కాగితం గడప దాటరాదు. దీనికొక కారణం చెబుతారు. వెనకటికి బొంబాయి వర్తకుడొకరు నమూనా జంపఖానా మడతలో ఐదు వందల జంపఖానాల ఆర్డరు పెట్టి పంపితే, ప్యాకింగు వారు దానిని చిత్తుకాగితం అనుకుని బయట పారేశారట. సాయంత్రం కార్యదర్శి గారు చౌరస్తాలో మిర్చి బజ్జీలు తింటూ, ఆఖరు బజ్జీ తీయగానే పొట్లం అడుగున తమ సంఘం పేరే నూనెలో మెరుస్తూ కనబడిందట. ఆ నూనె మరకల ఆర్డరును ఎండకు ఆరబెట్టి నేయించారని కొందరు, ఆ జంపఖానాలు విప్పితే బొంబాయి దాకా బజ్జీల వాసన వచ్చిందని మరికొందరు అంటారు. ఏది ఏమైనా, అందరూ విసుక్కునే ఆ నియమాన్ని లియాఖత్ అలీ గారు నమాజు వేళల వలె పాటించారు. నేత కార్మికురాలు చిలుకమ్మ పింఛను కాగితాల కోసం 1978 నాటి సభ్యత్వ చీటీ కావలసి వచ్చినప్పుడు, ఆమె చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోగా దానిని వెతికి చేతిలో పెట్టగలిగారంటే అది ఆ నియమం పుణ్యమే.

ఆ నియమమే 1995 నవంబరులో వారిని జపాను దేశపు ఫుట్‌బాల్‌తో ముడివేసింది.

షిరహొరి అనే చిన్న ఊరి తుంగచాపల కంపెనీ ఒకటి, మన జంపఖానాలను తమ చాపల పక్కన అమ్మి చూడాలన్న ఆలోచనతో, ఒక నమూనా చాపను పెట్టెలో పంపింది. ఆ చాప వాసన ఎంత చల్లనిదంటే పెట్టె విప్పిన మధ్యాహ్నం లెక్కల విభాగమంతా కునుకు తీసిందని ప్రతీతి. చాప నలగకుండా చుట్టూ కూరిన కాగితపు ఉండలు పద్నాలుగు. ప్యాకింగు విభాగపు మేస్త్రీ వీరభద్రం గారు వాటిని బుట్టలోకి విసరబోగా, లియాఖత్ అలీ గారు అడ్డుపడ్డారు.

"గవి కూరుడు కాయితాలే లియాఖత్ భాయ్! గవిటికి గూడ నంబరేస్తవా?"

"పెట్టెల వచ్చినయా, లేదా?"

"వచ్చినయ్."

"అయితే ఇటియ్యి."

పద్నాలుగు ఉండలను విప్పి, వీధి చివరి ఇస్త్రీ బండి మీద బొగ్గుల పెట్టెతో చదును చేయించి, ఒక్కొక్క దానికి నంబరు వేశారు. అవి ఆ కంపెనీ కార్మికుల ఫుట్‌బాల్ క్లబ్ నెలనెలా అచ్చువేసుకునే ఒంటి పేజీ పత్రికలు. మూలనున్న వరుస సంఖ్యలను బట్టి చూస్తే ఒకటి నుండి పదహారు వరకు ఉండాలి; మూడు, పదకొండు లేవు. వరుస తప్పిన జతపత్రాలను అడిగి తెప్పించుకోవాలన్నది కూడా నియమమే కనుక, సంఘం లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో టైపు చేయించి ఇలా పంపారు: "తమరు పంపిన జతపత్రములు పద్నాలుగు అందినవి. మూడవది, పదకొండవది అందలేదు. సత్వరమే పంపగలరు."

చాప గురించి ఒక్క ముక్క అడగకుండా చుట్టిన కాగితాల్లో రెండు తక్కువయ్యాయని అడిగిన ఈ ఉత్తరాన్ని చూసి ఆ దేశస్థులు ఏమనుకున్నారో గాని, వారు మర్యాదలో మనకంటె నాలుగాకులు ఎక్కువే చదివినవారు. మూడూ, పదకొండూ పట్టు తాడు కట్టిన కవరులో వచ్చాయి. వాటికీ "అందినవి" అని వెళ్లింది. మరుసటి నెల పదిహేడవది వచ్చింది. దానికీ వెళ్లింది. వీరు అడుగుతున్నారు కదా అని వారు పంపుతూ, వారు పంపుతున్నారు కదా అని వీరు అందుకుంటూ, ఉభయులూ మర్యాద తప్పకుండా ముప్పై సంవత్సరాలు గడిపారు. జంపఖానాల వ్యాపారం మూడు పెట్టెలతో 1999లోనే ముగిసింది. పత్రిక మాత్రం ఆగలేదు.

ఆనాటి కార్యదర్శి గారు మూడో ఉత్తరం మీద సంతకం చేస్తూ, "ఊకె అందింది అందింది అని రాస్తే ఏం బాగుంటదయ్యా, ఓ మంచి మాట గూడ రాయరాదు?" అన్నారు. మంచి మాట రాయాలంటే ముందు ఆ కాగితంలో మంచి జరిగిందో చెడు జరిగిందో తెలియాలి. అక్కడ మొదలైంది లియాఖత్ అలీ గారి పరిశోధన.

ఆ లిపిలో ఒక్క అక్షరం వారికి రాదు. తెలిసినవి అంకెలు, బొమ్మలు, రెండు రకాల గుండ్రటి గుర్తులు: ఒకటి నిండా నలుపుతో ఉన్న బిళ్ల, రెండోది ఖాళీ సున్న. వారం రోజులు ఆలోచించి వారొక సిద్ధాంతం చేశారు. సున్న అంటే ఏమీ మిగలనిది; బడిలో సున్న వచ్చినవాడు గెలిచినవాడు కాడు; కనుక సున్న ఓటమి, నిండు బిళ్ల గెలుపు. మరి నిండు బిళ్ల పక్కన 0–3 అని ఉంటోందేమని వీరభద్రం గారు నిలదీస్తే, దానికీ జవాబు సిద్ధం చేసుకున్నారు. "మర్యాదస్తులు వీరభద్రన్నా! ఎదుటోళ్ల లెక్క ముందు రాసి, తమది ఎనుక రాసుకుంటరు. మనింటికి చుట్టం వస్తే ముందు ఎవలకు వడ్డిస్తం?" ఈ తర్కానికి ఎదురు చెప్పగలిగిన తార్కికుడు కొత్తవాడలో ఆనాడు లేడు, తరువాతా పుట్టలేదు.

ఆ రోజు నుండి నల్ల బిళ్ల వచ్చిన నెల అభినందన, ఖాళీ సున్న వచ్చిన నెల సానుభూతి వెళ్లేవి. రెండూ ఉన్న నెలలో రెండు పేరాలు. నల్ల బిళ్లల నెలలో ఆఫీసంతటికీ మిర్చి బజ్జీలు, సున్నల నెలలో చక్కెర లేని చాయ్. 1997లోనూ, మరుసటి ఏడు సెప్టెంబరు వరకూ వరుసగా పదిహేడు నల్ల బిళ్లలు రావడంతో సిబ్బందిలో నలుగురికి కడుపులో మంట స్థిరపడిపోయింది.

చదవలేని పత్రికను చూసీ చూసీ ఆ క్లబ్ చరిత్రంతా వారు పోగు చేసిన తీరు ఆశ్చర్యకరం. 1976లో మగ్గం దూలాలను పాతి గోలు స్తంభాలుగా వాడుకున్న ఫోటోను భూతద్దంతో చూసి, "గిది మన పనోళ్ల టీమే" అని తేల్చారు. మైదానం ఏటి గట్టున ఉందనీ, నీళ్లలో పడ్డ బంతిని తేవడానికి ఒక పడవ, పడవకొక ముసలి జాలరి ఎప్పుడూ సిద్ధంగా ఉంటారనీ కనిపెట్టారు. తుంగకోతల నెలలో జట్టులో తొమ్మిది మందే కనబడటం చూసి, మిగతా ఇద్దరూ పొలంలో ఉన్నారని ఊహించారు. తరువాత అడిగితే అది నిజమేనని తేలింది. 2004లో కప్పు పట్టుకుని నవ్వుతున్న జట్టు ఫోటో వచ్చింది. దాని కింద అన్నీ ఖాళీ సున్నలే. అది చూసి, "అన్నీ ఓడినంక గూడ ఎట్ల నవ్వుతాండ్రో చూడు, గది సంస్కారం అంటే!" అని ఆఫీసంతా తిప్పి చూపించారు. 2009లో ఆటగాళ్ల చొక్కాల మీద చాప గుర్తు పోయి ఒక పంటి బొమ్మ రావడంతో, కంపెనీ మూతపడిందనీ, ఎవరో పళ్ల డాక్టరు జట్టును ఆదుకున్నాడనీ గ్రహించి, ఆ రోజు అన్నం సరిగా తినలేదు. ప్రతి ఫోటోలోనూ ఎడమ మూల గొడుగుతో కూర్చునే ఒక పెద్దావిడ ఉండేది. 2011లో మూడు నెలలు వరుసగా ఆ మూల ఖాళీగా కనిపిస్తే, ఆమె ఎవరు, ఏమయ్యారు అని ఉత్తరం రాశారు. కంపెనీ వంటశాలలో అన్నం ముద్దలు కట్టి ముప్పై అయిదేళ్లు జట్టుకు తెచ్చిపెట్టిన తల్లి అనీ, చలికాలంలో కాలం చేశారనీ జవాబు వచ్చింది. తమ జీతంతో ఒక చిన్న జంపఖానా నేయించి, ఆమె కూర్చున్న బల్ల మీద పరచమని పంపినది ఈయనే. ఆ తరువాతి ఫోటోల్లో ఆ మూలన మన కొత్తవాడ నీలి చారలు కనిపిస్తాయి.

ఈలోగా 2001లో సీనియర్ గుమస్తాగా, 2013లో ఆఫీసు సూపరింటెండెంటుగా వారు పదోన్నతులు పొందారు. పదవి పెరిగినా ఇన్‌వర్డ్ ముద్రను వేరొకరికి అప్పగించలేదు.

ఈ సంవత్సరం జనవరి నెలాఖరులో ఆ క్లబ్ కార్యదర్శి కుసునోకి గారి నుండి ఒక మెయిలు వచ్చింది. రెండు వానాకాలాల కిందట ఏరు పొంగి క్లబ్ గది కిటికీల దాకా మునిగిందనీ, ఏభై ఏళ్ల కాగితాలన్నీ నీటిపాలయ్యాయనీ, స్వర్ణోత్సవ గ్రంథం వేసుకుందామంటే తమ చరిత్ర తమ వద్దే లేదనీ రాశారు. "మా పత్రిక ప్రతి సంచికకూ తమరు నంబరు వేసినట్లు తమ ఉత్తరాల వల్ల మాకు తెలుసు. అన్నీ ఉన్నచోటు ఈ భూమి మీద తమ బీరువా ఒక్కటే. ప్రతులు పంపగలరా? ఎత్తైన గోడకు వేలాడదీసినందువల్ల 1997లో తమరు రాసిన ఉత్తరం ఒక్కటే నీటికి అందలేదు. మా గ్రంథంలో తొలి పేజీ అదే."

లియాఖత్ అలీ గారి ఆనందానికి హద్దు లేకపోయింది. మూడు వందల డెబ్బై ఏడు సంచికలు, వాటికి తాము రాసిన మూడు వందల అరవై మూడు ఉత్తరాల ఆఫీసు కాపీలు, వరుస చెడకుండా బల్ల మీదికి వచ్చాయి. స్కాన్ చేసే పని కంప్యూటర్ సెక్షన్‌లోని అనూషకు అప్పగించారు. ఏ భాష అక్షరాల మీద పెట్టినా తెలుగులో చెప్పే ఫోను ఆ అమ్మాయి చేతిలో ఉంది. రెండో రోజు మధ్యాహ్నం పిలుపు వచ్చింది.

"లియాఖత్ సార్, జర ఇటు రాండ్రి."

"ఏంది బిడ్డా, మిషిను ఆగిందా?"

"మిషిను మంచిగనే ఉంది. గీ నల్ల బిళ్ల కాడ ఏం రాసిండ్రో అని ఫోను పెట్టి చూసిన. ఓటమి అంటాంది సార్."

"తప్పు చెప్తాందేమో. ఇంకోటి చూడు."

అనూష ఇంకోటి చూసింది. ఇంకా పది చూసింది. "అన్నిటికీ గట్లనే అంటాంది సార్. ఖాళీ సున్న కాడ గెలుపు అని వస్తాంది. లెక్క గూడ తమదే ముందట రాసుకుంటరట."

అందరికంటె ముందు వీరభద్రం గారు నోరు విప్పారు. "అంటే లియాఖత్ భాయ్, ముప్పై ఏండ్ల సంది మనం తిన్నయి గెలుపు బజ్జీలు కావు, దినాల బజ్జీలన్నట్టు!"

అందరూ నవ్వారు, లియాఖత్ అలీ గారు మాత్రం నవ్వలేదు. 1997 దస్త్రం విప్పి, తమ ఉత్తరాలు ఒక్కొక్కటే చదువుకున్నారు. "తమ ఘనవిజయమునకు అభినందనలు." ఆ నెల 0–6. "ఈ జైత్రయాత్ర ఇట్లే కొనసాగవలెనని కోరుచున్నాము." ఆ నెల 1–7. పదిహేడు సార్లు ఓడిన పనివాళ్లకు పదిహేడు సార్లు అభినందనలు, అదీ లెటర్‌హెడ్ మీద. వారి మనస్సును కోసినది ఒక్కటే మాట: వాళ్లు ఏమనుకుని ఉంటారు? సముద్రాల అవతల ఎవడో కూర్చుని, తమ ఓటములు లెక్కపెట్టి, నెలనెలా పోస్టు ఖర్చు పెట్టుకుని మరీ ఎగతాళి చేస్తున్నాడని అనుకోరా?

ఇంటికి వెళ్లి శ్రీమతి అనీస్ బేగం గారికి చెప్పుకుంటే, ఆమె ముందు మనసారా నవ్వి, పిదప ఇలా అన్నారట: "తెలువక రాసినయి పొరపాట్లు. గవి మీయి కావు, ఆ సున్నయి. తెలిసినంక దాస్తే మాత్రం గది మీది."

మర్నాడు ఆఫీసులో సలహాలకు కొరత లేదు. "ఫికర్ ఎందుకు భాయ్, మన కాపీలు బీరువాల పెట్టు, వాళ్లయి వాళ్లకు తోలు. ఎవడడుగుతడు?" అని వీరభద్రం గారు. మన కార్యదర్శి రాజేశ్వర్ రావు గారు కూడా అదే మాట మర్యాదగా చెప్పారు. "లియాఖత్ గారూ, వాళ్లడిగింది షీట్లు. మన ఉత్తరాలు అడగలేదు కదా. తొలి పేజీల మీ పేరు పడుతాంది. మనంతట మనం ఎందుకు చెడగొట్టుకోవాలె?"

"సార్, వచ్చింది, పోయింది రెండూ ఉంటెనే దస్త్రం," అన్నారు లియాఖత్ అలీ గారు. "ఒకటే పంపితే గది చిత్తు కాయితం."

మూడు వందల డెబ్బై ఏడూ వెళ్లాయి. మూడు వందల అరవై మూడూ వెళ్లాయి. పైన ఒక లేఖ జతచేశారు: "తమ గుర్తులను తలకిందులుగా గ్రహించి, తమరు ఓడినపుడు అభినందించియు, గెలిచినపుడు ఓదార్చియు ముప్పై సంవత్సరములు అపరాధము చేసితిని. ఎగతాళి నా ఉద్దేశము కాదు. తొలి పేజీ నుండి నా ఉత్తరమును తొలగించగలరని ప్రార్థన."

ఫిబ్రవరి వెళ్లింది, జవాబు లేదు. మార్చి నెల పత్రిక రాలేదు. ఏప్రిల్‌లోనూ రాలేదు. ఎన్నడూ నియమం తప్పని పత్రిక ఆగిపోవడంతో, సూపరింటెండెంటు గారు పోస్ట్‌మ్యాన్ మోటారు సైకిలు చప్పుడుకు లేచి నిలబడటం, వట్టి చేతులతో కూర్చోవడం అందరం చూశాం. పదవీ విరమణ దగ్గరపడినందుకు దిగులని కొందరు పొరబడ్డారు. ఒకనాడు వీరభద్రం గారు కవ్వించబోతే, "ఓడినోళ్ల పుండు మీద కారం చల్లిన వీరభద్రన్నా. మాట్లాడకుంటే వాళ్ల తప్పా?" అన్నారు.

మే నెల ఇరవయ్యో తేదీన ఒక దళసరి కవరు వచ్చింది. లియాఖత్ అలీ గారు దానిని విప్పలేదు. అనూష చేతికిచ్చి, "చదువు బిడ్డా, నాకు కండ్లు ఆనుతలేవు" అన్నారు. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. సిబ్బంది అంతా చుట్టూ చేరగా అనూష చదివి చెప్పిన సారాంశం ఇది.

"ఆలస్యానికి క్షమించండి. తమ లేఖ మీద సభ జరపవలసి వచ్చింది. ఆనాటి ఆటగాళ్లు పద్నాలుగు మంది వేర్వేరు ఊళ్ల నుండి రావలసి ఉండింది. పాత కెప్టెను హగివర, ఇప్పుడు చాపలు బాగుచేసుకునే ముసలివాడు, ఇలా చెప్పాడు.

"1997లో తొమ్మిది ఆటలు వరుసగా ఓడిన తరువాత క్లబ్‌ను ఎత్తివేయాలని తీర్మానం రాసుకుని కూర్చున్నాం. ఆ రోజే తమ మరో అభినందన అందింది. మాకు కోపం వచ్చింది. చింపబోయాం. మా గోల్‌కీపరు ఆపాడు. 'ఇందులో నంబరు చూడండి, ముద్ర చూడండి, మన సంచిక సంఖ్య సరిగ్గా వేశాడు చూడండి. ఎగతాళి చేసేవాడు ఇంత ఓపికగా నంబరు వేయడు. పాపం, ఈయన మనం గెలిచామని నమ్ముతున్నాడు' అన్నాడు. మేం ఓడినవాళ్లమని తెలియని మనిషి లోకంలో ఒక్కడైనా ఉన్నాడని ఆ రోజు తెలిసింది. అంత నిజాయితీపరుణ్ణి అబద్ధాలకోరును చేసి క్లబ్ మూసేయడం న్యాయం కాదనుకున్నాం. ఒక్క ఆట గెలిచి, ఆయన మాట నిజం చేసి, అప్పుడు మూసేద్దామనుకున్నాం. ఆ ఒక్క గెలుపుకు పదహారు నెలలు పట్టింది.

"1998 అక్టోబరులో 1–0తో గెలిచాం. తమ ఉత్తరం కోసం ఎదురు చూశాం. 'ఈ విషాద సమయమున ధైర్యము వహించగలరు' అని వచ్చింది. మైదానంలో పడి దొర్లి నవ్వాం. అప్పుడే మాకంతా అర్థమైంది. తమకు చెప్పరాదని కూడా అప్పుడే తీర్మానించుకున్నాం. ఓడిన రోజు అభినందించేవాడు, గెలిచిన రోజు ఓదార్చి నేల మీద నిలబెట్టేవాడు ఏ ఊళ్లో దొరుకుతాడు? 2004లో మేం ప్రాంతీయ లీగ్‌కు ఎక్కినపుడు తమరు పంపిన సంతాపం చదివి, మా ఆటగాళ్లు ఊరేగింపు మానుకుని మర్నాడే ప్రాక్టీసుకు వచ్చారు.

"సభ తీర్మానం ఇదే: తొలి పేజీ తీసేది లేదు. ఇప్పుడు తమకు నిజం తెలిసిపోయిందన్నదే మా దిగులు. ఆగిన మూడు నెలల సంచికలు జతపరిచాం. అందినట్లు తెలుపగలరు."

వీరభద్రం గారు ముఖం గోడవైపు తిప్పి జంపఖానా అంచు దులపసాగారు. లియాఖత్ అలీ గారు మాత్రం కాగితాలు అందుకుని, ముందు మూడింటికీ నంబర్లు వేశారు. మొదటి రెండు నెలలూ వానకు ఆటలు జరగలేదట. మూడో కాగితంలో ఒకే ఒక గుర్తు: నల్ల బిళ్ల, 0–4.

ఆఫీసంతా వారి పెన్ను వైపే చూసింది. తెలిసి అభినందిస్తే అబద్ధం. ఓదారిస్తే ఆ ముసలి ఆటగాళ్లు కోరినదానిని కాదన్నట్టు. అబద్ధం వారి చేత రాయించగలవాడు ఈ సంఘంలో పుట్టలేదని అందరికీ తెలుసు.

"ఏం రాస్తాన్నవ్ భాయ్?" అని వీరభద్రం గారు వెనుక నుండి తొంగిచూశారు.

"ఆగవయ్యా, రాయనియ్యి."

పావుగంట తరువాత అవుట్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కిన ఆ ఉత్తరం ఇది, అక్షరం మార్చకుండా: "తమ జతపత్రములు మూడు అందినవి. నాలుగు గోలుల తేడాతో ఓడినట్లు ఈసారి సరిగానే గ్రహించితిని. హృదయపూర్వక అభినందనలు."

ఇట్టి విశిష్ట సహచరుడు ఈ జూన్ ముప్పైన మన మధ్య నుండి పదవీ విరమణ చేస్తున్నారు. పత్రిక ఇకపై వారి ఇంటి చిరునామాకే వస్తుంది. అనీస్ బేగం గారి అనుమతితో ఒక బీరువా అర ఖాళీ అయినట్లు వినికిడి. జనాబ్ లియాఖత్ అలీ గారికి చెదరని ఆరోగ్యాన్ని, చెక్కుచెదరని కంటిచూపును, ఆ దంపతులకు పిల్లాపాపలతో నిండిన ప్రశాంత జీవనాన్ని ఆ భగవంతుడు, ఆ అల్లా ప్రసాదించాలని మన సంఘ సభ్యులందరి పక్షాన కోరుకుంటున్నాం. ఆయుష్షు మాటకు వస్తే మన కోరిక చిన్నదే: షిరహొరి జట్టు ఓడిన ప్రతిసారీ స్వహస్తాలతో అభినందించేందుకు సరిపడినంత. వారి ఆటతీరును ముప్పై ఏళ్లుగా గమనించినవారం కనుక చెబుతున్నాం, అది నిండు నూరేళ్లకు ఒక్క రోజు కూడా తగ్గదు.